పసుపంటిన చీటీ

సువార్తమ్మ అని ఒకామె ఉండేదంట, ఏటి లంకల్లో పుట్టి మా పక్కూరి పేటకు కోడలిగా వచ్చిన మనిషి. నాట్లేస్తే వరసకి ముందుండేది, నవ్విందంటే మూడు పొలాల అవతలికి వినపడేది. అట్టాంటి మనిషికి ఒకటే కోరిక. ఏటా కోతలైపోయాక రేపల్లెలో మూడు రోజులు స్త్రీల కూడిక జరుగుద్ది గదా, పేటలో ఆడోళ్లంతా ట్రాక్టరెక్కి పాటలు పాడుకుంటా పోతారు. లంకల్నుంచి సువార్తమ్మ చెల్లెలు కృపమ్మ కూడా అక్కడికే వస్తది. చెల్లెలి పక్కన కూచుని, ఎవరో వండి పెడితే తినాలని సువార్తమ్మ ఆశ. ఎవరో వండితే! నవ్వబాకండి, మీకూ ఉన్న ఆశే అది. పదకొండేళ్లయినా ఒక్కసారీ ట్రాక్టరెక్కలా. ఎందుకెక్కలేదూ అంటే, వాక్యం వద్దందంట.

వాక్యం వద్దనటమేంటంటే, ఆ ఇంట్లో ఒక రేకు డబ్బా ఉంది. సువార్తమ్మ మామ మిషనాసుపత్రిలో తోటపని చేసేటప్పుడు దొరసానమ్మ ఇచ్చిన డబ్బా. దాన్నిండా వేలెడంత చీటీలు, చుట్టలు చుట్టి. ఒక్కోదాంట్లో ఒక్కో చిన్న బైబిలు వాక్యం. పొద్దున్నే మొగం కడుక్కుని, టీ తాగకముందే, డబ్బాలో చెయ్యిపెట్టి మనిషికొక చీటీ తియ్యాలి. వచ్చిన మాట పొద్దుగూకేదాకా పాటించాలి. అది ఆ ఇంటి కట్టడి. మామ పోయాక ఆ డబ్బా, దాంతోపాటు సంఘపెద్దరికం, కొడుకు జక్రయ్యకి వచ్చినయ్. సువార్తమ్మకు అక్షరం ముక్క రాదు. అందుకని ఆమె చీటీ తీసి మొగుడి చేతికిస్తే, ఆయన తండ్రి కళ్లజోడు ముక్కుమీదకి లాక్కుని, గొంతు సవరించుకుని, "స్త్రీలారా, మీ సొంతపురుషులకు లోబడియుండుడి" అని చదివేవాడు. మళ్లీ అదేనా అయ్యా అంటే, నేనేం చేసేదే, నీ చేతికదే వస్తంది, నీలో ఆ లోటుందని దేవుడికి తెలవదా అనేవాడంట. తన చీటీ తను తీసుకుంటే మాత్రం, కుప్ప నూర్చే రోజైతే చాలు, "ఊరకుండుడి" అని వచ్చేది. వచ్చిన వాక్యాన్ని కాదంటామా! మంచమెక్కి ఊరకుండేవాడు. ఇక ట్రాక్టరొచ్చే రోజు సువార్తమ్మకు ఏమొచ్చేదో నేను చెప్పాల్నా? లోబడియుండుడి. మడత విప్పిన చీర మళ్లీ పెట్టెలో పెట్టేసేది.

ఏమైందంటే, ఒకరోజు పొద్దున్నే గడపకి కాలు కొట్టుకుని బొటనవేలు చిట్లితే పసుపద్దుకుంది. అదే చేత్తో చీటీ తీసింది. చీటీ మీద రెండు వేళ్ల మచ్చలు, పచ్చగా. ఆయన మామూలే, లోబడియుండుడి అన్నాడు. సరేలే అనుకుంది. నెల తిరిగిందో లేదో, ఆ పసుపు చీటీయే ఆయన చేతికొచ్చింది. కళ్లజోడు పెట్టుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, "ఊరకుండుడి" అన్నాడు. మరక చూసుకోలా. మగవాడు మరకలు చూస్తాడా, ఉతికేవాళ్లకు గదా మరకలు కనపడేది! సువార్తమ్మకు కనపడింది. ఒకే చీటీ నాకో మాట, ఈయనకో మాట చెప్పుద్దా అనుకుంది. అనుకుని ఊరుకుందా? ఆయన మంచమెక్కంగానే చీటీ బొడ్లో దోపుకుని పాస్టరుగారింటికి పోయి, ఆయన భార్యతో, అమ్మగారూ, ఇదేంటో చదివి పెట్టండి అంది. అమ్మగారు చదివింది. "ఎల్లప్పుడును సంతోషముగా ఉండుడి." అంతేనా అమ్మగారూ? అంతే. లోబడమని లేదా? ఇందులో లేదే. ఎనక్కి తిప్పి చూడండి. ఎనకాల నీ పసుపే ఉంది సువార్తమ్మా. అప్పుడు సువార్తమ్మ ఆ అరుగుమీద కూలబడి, సంతోషంగా ఉండమని దేవుడు నా చేతికి చీటీ ఇస్తే, మజ్జెలో ఈ మహానుభావుడు మార్చేశాడా అమ్మగారూ అని ఏడవబోయి, నవ్విందంట. నవ్వితే ఎంత దూరం వినపడుద్దో ముందే చెప్పాగా.

ఇక చూడండి, ఆమె ఇంటికొచ్చి గొడవ పెట్టుకోలా. రోజుకొక చీటీ బొడ్లో దోపుకుని, కలుపుకి పోతా పోతా అమ్మగారి అరుగు దగ్గర ఆగి అక్షరాలు నేర్చుకునేది. అన్నిట్లోకి చిన్న వాక్యం ముందు. "యేసు కన్నీళ్లు విడిచెను." మూడు మాటలు, పన్నెండు రోజులు పట్టింది. గట్టుమీద కొడవలి మొనతో రాసేది, తుడిచేది, రాసేది. కలుపు తీసే ఆడోళ్లు, ఏం వదినా, మట్టికి వాతలు పెడతన్నావా అని ఎగతాళి. పెట్టనీండమ్మా, పెట్టాల్సినోళ్లకి తర్వాత పెడతా అనేదంట. ఎనిమిది నెలలు తిరిగేసరికి చిన్న చీటీ ఏదైనా తడుముకుంటా తడుముకుంటా చదవగలిగింది.

కూడిక రోజొచ్చింది. వీధిలో ట్రాక్టరు డుగుడుగుమంటంది, సువార్తొదినా, ఈ ఏడన్నా వస్తన్నావా, లేదా అని ఆడోళ్లు కేకలు. డబ్బాలో చెయ్యిపెట్టింది. పసుపు చీటీయే వచ్చింది. చెయ్యి దానంతటదే పోయిందో, కన్ను ముందే పోయిందో నన్నడక్కండి. జక్రయ్య అందుకుని, "స్త్రీలారా..." అన్నాడో లేదో, ఇటియ్యి అని లాక్కుంది. "ఎ...ల్ల...ప్పుడును... సం...తోషముగా... ఉండుడి." ఇప్పుడు చెప్పయ్యా, పదకొండేళ్లు ఎందుకు మార్చి చదివావు అంది. ఆయన కళ్లజోడు తీశాడు. మార్చలేదే, నాకూ రాదే చదువు అన్నాడు. నాయన నేర్పుతానంటే గేదెల దగ్గరికి పారిపోయా. ఆయన పోయాక కళ్లజోడు, డబ్బా, పెద్దరికం అన్నీ నెత్తినబడ్డయ్. రాదని ఎవరికి చెప్పుకునేది? చెవినబడ్డ నాలుగు వాక్యాలే తిప్పి తిప్పి చెప్పా. సువార్తమ్మ తెల్లబోయిందంట. తర్వాత నడుం మీద చెయ్యేసుకుని, ఆ నాలుగూ నీకు పనికొచ్చేయే ఎట్టా గుర్తున్నయ్యయ్యా అంది. ఆయన కళ్లమ్మట నీళ్లు. ఏడవబాక, ఆ కన్నీళ్ల చీటీ ఇయ్యాల రాలేదు అంది. అప్పుడు జక్రయ్యకీ నవ్వొచ్చింది. సరే పో, కానీ పొద్దుగూకేదాకేగా కట్టడి, మూడు రోజులంటావేంది అన్నాడు, పెద్దరికం అంత తొందరగా పోద్దా! 'ఎల్లప్పుడును' అనుంది, చూసుకో అంది. మరి నాకేమొచ్చిందో చదువు అని తన చీటీ ఇచ్చాడు. ఆమె విప్పింది, చూసింది, గొంతు సవరించుకుంది. "పురుషులారా, మీరును మీ భార్యలను ప్రేమించుడి. గేదెకు కుడితి పెట్టుడి. అంట్లు తోముడి."

ట్రాక్టరెక్కింది, చెల్లెల్ని చూసింది, ఎవరో వండితే మూడు రోజులు తిన్నది. ఇక్కడ గేదె జక్రయ్యని తన్నిందంట గానీ, కుడితి తాగిందంట. తిరిగొచ్చిన మర్నాటి నుంచి ఆయనకి అక్షరాలు దిద్దబెట్టింది, ముందు "యేసు కన్నీళ్లు విడిచెను"తోనే. ఇప్పుడు మీరు, ఆ చీటీలో గేదె, అంట్లు నిజంగా ఉన్నాయా అంటారు. పదకొండేళ్లు ఆయన చదివితే ఒక్కరూ అడగలా. ఒక్క పూట ఆమె చదివితే ఇంతమందికి అనుమానమొచ్చిందే తల్లీ!