సారు అలికిన వాకిలి

"అవ్వా, హెడ్మాస్టర్ సారు మన వాకిలి అలికిండంట గదా. ఎందుకు?"

ఎవలు జెప్పిండ్రే, మీ అమ్మనా? దాని కడుపుల మాట దాగదు. సరే, ఫోన్ల రికార్డు పెట్టుకుంటే పెట్టుకో.

తెలంగాణ వచ్చిన రెండేండ్లకో, మూడేండ్లకో. కట్టంగూర్ లైబ్రరీ ఎనక గది ఉండె సూడు, అండ్ల ఆదివారం ఆడోళ్లకు నీళ్ల రంగులు నేర్పుతుంటి. గుట్టలు, చెలకలు, మొగులు పట్టిన ఆకాశం. నేను చదివింది ఐదో తరగతే, మిగతాదంతా ఆ లైబ్రరీ పుస్తకాల్లకెల్లి గుంజుకున్న. కుంచె నకిరేకల్ల ఇరవై రూపాయలుండె, కాదు కాదు, ఇరవై ఐదు.

గప్పుడే సారు రిటైరయిండు. "సర్టిఫికెట్ లేనామె నేర్పుడేంది, గది నాకియ్యుండ్రి, బొమ్మలు నేను నేర్పుత" అని లైబ్రరీ ఆయనకు అర్జీ పెట్టిండు. గది పోతే నా క్లాసు పోయినట్టే. పోయి అడిగిన: "ఆడున్న పుస్తకాలన్నీ నేను చదివిన సారూ, మీరెన్ని తెరిచిండ్రు?" మొఖం కందగడ్డయింది.

పందెం కట్టిన. మా సత్తెమ్మ, గొర్లు కాసేటామె, నా దగ్గర కుంచె పట్టి రెండు నెలలే. ఆమె ఒక ఆకాశం, సారు ఒక ఆకాశం ఏయాలె. మరక లేకుంట ఎవలు పరిస్తే గది వాళ్లది. ఓడినోళ్లు గెలిచినోళ్ల క్లాసుల కూసోవాలె.

ఆకాశం ఏసుడంటే ఇల్లు అలికినట్టే బిడ్డా, నేను గట్లనే నేర్పిన. లోపలి మూలకెల్లి మొదలువెట్టి గడప దాక జరుక్కుంట వస్తం. తడి మీద మళ్ల చెయ్యి పెడ్తమా? పెడ్తె అచ్చు పడ్తది.

నిజం చెప్పాలె, సారుదే జర నున్నగుండె. మెల్లగ సత్తెమ్మ కాడికి పోయి, "మూలకు చుక్క ఉన్నట్టుంది" అన్న.

"ఆరనియ్యక్కా, ఇప్పుడెవలన్న ముట్టుకుంటరా?" అన్నది.

సారుకు గూడ గదే మాట చెప్పిన. ముప్పై ఏండ్లు ఎర్రపెన్నుతోటి తప్పులు దిద్దిన చెయ్యి, ఊకుంటదా? దిద్దిండు. దిద్దినకాడ మరక. మరకను దిద్దిండు. ఆకాశం నిండ గొర్లమంద పండుకున్నట్టయింది.

మాట తప్పే మనిషైతె కాదు. మల్ల ఆదివారం వచ్చి ముందటి వరుసల కూసున్నడు. మొదటి పాఠం గీ వాకిలి అలుకుడే. పంచె ఎగగట్టి, పెండనీళ్ల బకెట్ పట్టి, దర్వాజ కాడ మొదలువెట్టి గోడ మూలకు పోయి ఇరుక్కున్నడు. ఆరేదాక గాడనే నిలవడ్డడు. సత్తెమ్మ చాయ్ పట్టుకొని ఈడ నవ్వుడు.

గిప్పుడు ఆయన ఆకాశాలు నాకంటె నయం. కలిసినప్పుడల్ల అడుగుతడు: "నిజం చెప్పమ్మా, ఆనాడు చుక్క ఉండెనా?"

"ఇంకోపాలి అలుకుండ్రి సారూ, చెప్త" అంట.

నువ్వు సల్లగుండు బిడ్డా, నీ చెయ్యి ఎన్నడు తడి మీదికి మళ్లొద్దు. ఏంది? చుక్క ఉండెనా, లేదా అంటవా? ఆ ఫోను జర బంద్ చెయ్యి, చెప్త...