తాళం తీసినా ఆరని లైట్లు

అబుదాబి దగ్గర ముసఫ్ఫాలోని ఒక గ్యారేజీకి డెలివరీ రైడరు రంగురంగుల లైట్లు చుట్టిన తన బండిని తోసుకుంటూ వచ్చాడు. ముసలి మెకానిక్ దాన్ని ఎగాదిగా చూశాడు.

"ఇది బండా, పెళ్లి పందిరా?"

"వెటకారం తర్వాత, బాబాయ్. స్టార్టు కాక నిన్న రెండు ఆర్డర్లు పోయాయి. ఇంకొకటి పోతే మా ముదీర్, అదే మేనేజరు, ఖలాస్, ఇక పనిలోకి రావద్దంటాడు."

"అల్ ఐన్‌లో నీలాంటోడే ఒకడు ఎన్ని లైట్లు పెట్టాడంటే, తోటలో ఖర్జూరాలు పగలనుకుని రాత్రికి రాత్రే పండిపోయాయి."

"నువ్వు చూశావా?"

"నాలుగు తిన్నాను. ఇంతకీ వైర్లన్నీ నేరుగా బ్యాటరీకే ఎందుకు కలిపావురా?"

"ఆర్డరు కోసం హోటల్ ముందు గంటసేపు ఆగాలి. తాళం తీసినా ఫోన్ ఛార్జ్ అవ్వాలి కదా."

"ఫోన్‌తో పాటు ఈ లైట్లూ, పాటల డబ్బా కూడా బ్యాటరీని తాగేస్తున్నాయి. ఇంజిన్ తిరిగితేనే బ్యాటరీ నిండేది. మధ్యలో రిలే స్విచ్చి పెట్టి అన్నీ తాళానికి కలిపేస్తా."

"మరి ఫోన్?"

"పవర్‌బ్యాంకు కొనుక్కో."

అరగంటలో పని అయింది. రైడరు తాళం పెట్టి, మళ్లీ తీసి చూశాడు.

"అన్నీ ఆరిపోయాయి, బాబాయ్. పాడైందా?"

"బాగుపడింది. ఇప్పటిదాకా నువ్వు దాన్ని నిద్రపోనివ్వలేదు."

గ్యారేజీలోని బ్యాటరీతో ఊతమిస్తే బండి ఒక్క నొక్కుకే లేచింది. అంతలో ఫోనూ మోగింది.

"ఆర్డరు, బాబాయ్."

"యల్లా, పో. ఇక అన్నం చల్లారితే బ్యాటరీ పేరు చెప్పడం కుదరదు."