కొల్లేటి చెక్క

తన కన్నతండ్రి పిల్లలు లేకుండానే చనిపోయాడని ఏలూరు తాలూకా కచేరీలో గుమాస్తా చదివి వినిపించగానే మరియమ్మ కచేరీ మెట్లు దిగేసింది. నేరుగా గుండుగొలను తిరిగొచ్చి, తనను పెంచిన చిన్నాన్న మంచం పక్కన చతికిలబడింది.

“నాన్నా, నిర్వంశం అంటే పిల్లల్లేకుండా పోయినవాడనేనా?”

“ఎవరన్నారమ్మా ఆ పాడుమాట?”

“కచేరీలో ఉందండీ. మా అబ్బాయికి నన్ను కన్నాయన పేరెలాగూ పెట్టాం, మీరు సాగుచేస్తున్న ఆయన పొలం చెక్క కూడా వాడి పేర రాయిద్దామని వెళ్లాను. పట్టాదారు కొల్లేటి వరదలో మృతి, నిర్వంశం, భూమి తమ్ముడి పేర మార్చడమైనది అని చదివారు. మరి నేనెవర్ని?”

“కరణాలకి కలం దొరికితే కన్నవాళ్లని కూడా మార్చేస్తారు. ఇదుగో, మజ్జిగ తాగు.”

“ఊరికే రాయరటండీ. ఏటా ఊరి శిస్తు లెక్కలు తేల్చే జమాబందీలో, పోయిన రైతు పేరు చదివి, వారసులున్నారా అని ఊరందరి ముందూ అడుగుతారట. ఆ రోజు నేను మీ భుజమ్మీదే ఉన్నాను. ఈ పిల్లెవరని తాసీల్దారుగారు అడిగితే, నా కూతురేనండీ అన్నారు మీరు. నాన్న పోయిన దిగులు ఆ మాటతోనే తీరింది నాకు.”

ముసలాయన మజ్జిగ చెంబు కింద పెట్టేశాడు.

“ప్రేమతోనే కదా అన్నారు, చిన్నాన్నా?”

బుద్ధెరిగాక ఆమె అలా పిలవడం అదే మొదలు.

“కాదమ్మా. ఆ రెండెకరాల కోసం అన్నాను. నువ్వు నా కూతురివైతే మా అన్న నిర్వంశమే కదా. ప్రేమ తరవాత పుట్టింది. తిరిగిచ్చేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇవ్వాలంటే, నువ్వు నా కూతురివి కాదని నా నోటితో నేనే చెప్పాలిగా.”