మస్తాన్‌బీ నర్సమ్మ పింఛను

ఏంటమ్మా శ్రీరమ్యా, మీ నాన్న రిటైరై నెల తిరక్కుండానే మీ బాబాయి పింఛను మాటెత్తాడా? సగం తన పేర రాయమంటున్నాడా. ఆ, కూర్చో. ఎండలో వద్దు, ఇటు చూరు కిందకి లాక్కో కుర్చీ. రాసినా చెల్లదమ్మా. నాకెట్లా తెలుసంటావా, మస్తాన్‌బీ నర్సమ్మ కేసప్పుడు సత్తెనపల్లి కోర్టుకి ఆమెతో పాటు వెళ్లింది నేనే కదా. నీ చిన్నప్పుడే మీరు ఊరొదిలి వెళ్లారు, ఆమె నీకు గుర్తుండదులే. నువ్వు పుట్టినప్పుడు బొడ్డు కోసింది మాత్రం ఆమే.

గవర్నమెంటు నర్సు. తెల్లచీర, చేతిలో నల్లసంచి, పత్తిచేల గట్ల మీద పడి నాలుగూళ్లు నడిచేది. ఈ వీధిలో సగంమంది ఆమె చేతుల్లోకి పుట్టినవాళ్లే. పెళ్లైన కొత్తల్లోనే మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మొగుడి తమ్ముడు బుడాన్ అప్పటికి నిక్కరేసుకునే పిల్లాడు. వాణ్ణి ఈమే సాకింది. ఆమె పుట్టింటివాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోమంటే, మరి వీడికి అన్నం ఎవరు పెడతారు అందంట. పొన్నూరు నుంచి సిద్దికాని తెచ్చి వాడికి పెళ్లి కూడా తనే చేసింది. అక్కడి పిల్ల, వరిపొలాల మధ్య పెరిగింది, మన మిరపకోతకొచ్చి మొదటిరోజే ఆ చేతులతో కళ్లు తుడుచుకుని ఇల్లంతా పరిగెత్తింది పాపం. నర్సమ్మ నవ్వుకుంటూనే నీళ్లు కొట్టి కడిగింది. అక్కచెల్లెళ్లకంటే ఎక్కువగా ఉండేవాళ్లు ఇద్దరూ.

ఏం చెప్తున్నాను? ఆ, పింఛను. ఆమె రిటైరైంది తొంభై ఏడులో. ఆ ఏడే పత్తికి పచ్చపురుగు పట్టింది చూడు, ఎన్ని మందులు కొట్టినా చావలేదు. బుడాన్ కౌలు చేలన్నీ పోయాయి. వాడు మంచి అదను చూసుకుని పెద్దమనుషుల్ని పోగేశాడు. వాళ్లేమో, "ఏమ్మా మస్తాన్‌బీ, ఒంటిదానివి, నీకెందుకంత? సగం పింఛను మరిదికి రాసివ్వు, వాడేమన్నా పరాయివాడా" అని మొదలుపెట్టారు. ఆమె, "ఎట్లాగూ ఇస్తూనే ఉన్నాను కదయ్యా, రాయడమెందుకు" అంది. వినలా. స్టాంపు కాగితం మీద రాయించారు, ప్రతినెలా సగం, ఆమె బతికున్నన్నాళ్లూ. సంతకం పెట్టింది. ఇచ్చినమాట తప్పకుండా ఇచ్చింది కూడా.

తర్వాత వాడు నర్సరావుపేటలో పురుగుమందుల కొట్టు పెట్టి బాగుపడ్డాడు. బాగుపడ్డవాడు ఊరుకోవచ్చుగా. అక్కడ ఇంకొకామెని ఇంట్లో పెట్టుకుని, సిద్దికాని, కూతురు గుల్జార్‌ని బస్సెక్కించి పంపేశాడు. వాళ్లు దిగి తిన్నగా నర్సమ్మ గుమ్మంలోకొచ్చారు. ఆమె పొయ్యి మీద ఇంకో గ్లాసు బియ్యం వేసింది, అంతే. ఆ నెల సగం డబ్బు కోసం బుడాన్ మనిషి వస్తే ఉత్త చేతులతో పంపేసింది. వాడే స్కూటరేసుకుని వచ్చాడు. నేను అరుగు మీదే ఉన్నాను. "వదినా, కాగితముంది, కోర్టుకెళ్తాను" అన్నాడు. "వెళ్లు నాయనా" అంది. అంది గానీ లోపలికెళ్లి మంచం మీద కూలబడింది. సర్కారు ఉద్యోగం చేసిన మనిషి కదా, సంతకం అంటే ఆమెకి దేవుడి మీద ప్రమాణంతో సమానం. జైల్లో పెడతారేమో ఆదెయ్యా, ఈ పిల్ల చదువేంగాను, అని నన్నడిగింది. నాకేం తెలుసు, నేను మిరపకాయలమ్ముకునేవాణ్ణి. శివరామకృష్ణ అని ప్లీడరు దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన కాగితం చదివి పక్కన పెట్టేసి, దీనికి భయపడి అన్నం మానేశారా అన్నాడు. ఈమె వెంటనే ఏమడిగిందో తెలుసా? అయితే అది కొట్టేయించి సిద్దికా పేర రాయండి అంది. ఆయన నవ్వి, ఎవరి పేరా రాయడానికి లేదమ్మా, మీ తర్వాత ఆమెకి రాదు కూడా, పింఛను మీ ప్రాణంతోనే సరి అన్నాడు. బయటికొచ్చాక బస్టాండు దాకా నడిచాం. అక్కడ టీ తాగుతూ, "అయితే చావకూడదన్నమాట" అంది. ఆ గొంతు వింటే నాకు ధైర్యమొచ్చింది.

కోర్టులో వాడి ప్లీడరు గట్టివాడే. చదువుకున్న మనిషి, చదివి సంతకం పెట్టింది, ఏళ్ల తరబడి ఇచ్చింది, ఇప్పుడు మాట తప్పుతోంది అని ఏకరువు పెట్టాడు. జడ్జిగారు సంతకం మీదేనా అంటే, నాదేనండి, ఎవరూ చెయ్యి పట్టి పెట్టించలేదండి అనేసింది. ఇక పనైపోయిందనుకున్నాను. మన ప్లీడరు లేచి, ఇంకా చేతికందని పింఛను ముందుగానే ఒకరికి రాసివ్వడం చట్టప్రకారం చెల్లదు, పింఛను ముసలితనంలో మనిషి కడుపు నిండటానికిచ్చేది అని ఆ చట్టం చదివాడు. జడ్జిగారు ఇంకో వాయిదా వేసి, ఆ రోజు ఆ కాగితం చెల్లదని చెప్పేశారు. నేను లేవబోతున్నాను. ఈమె బోనులోంచి కదల్లేదు.

"అయ్యా, ఒక్కమాట. చేతికొచ్చాక?"

"చేతికొచ్చాక మీ డబ్బమ్మా. ఎవరికిచ్చుకున్నా మీ ఇష్టం."

ఆమె దణ్ణం పెట్టి బయటికొచ్చింది. వరండాలో సిద్దికా స్తంభానికి ఆనుకుని ఏడుస్తూ నిలబడుంది. బుడాన్ అక్కడే, వాడి ప్లీడరు అక్కడే, ఊరి పెద్దమనుషులూ అక్కడే. ఆ నెల పింఛను పైటకొంగున ముడేసుకొచ్చింది నర్సమ్మ. అందరి ముందూ ముడి విప్పి సిద్దికా చేతిలో పెట్టి గుప్పిట మూసింది. "గుల్జార్ ఫీజు కట్టు, పద" అంది. నేనైతే అక్కడే మిరపకాయ బజ్జీలు కొని, తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ పంచాను.

ఇక చూడు, ఏడాదికోసారి ట్రెజరీకెళ్లి బతికే ఉన్నానని కనపడాలి కదా. ఆ నవంబరొస్తే ఆమెకి పండగే. ఇస్త్రీచీర కట్టుకుని, మోకాళ్ల నొప్పులున్నా మెట్లెక్కి, "చూసుకోండి బాబూ, ఉన్నాను" అనేది. గుమాస్తాలు కుర్చీ వేసేవాళ్లు. అట్లా గుల్జార్‌ని నర్సు ట్రైనింగు చదివించింది. రెండువేల ఎనిమిదిలో ఆ పిల్లకి గవర్నమెంటు ఉద్యోగమొచ్చింది. ఆ రోజు వీధి మొత్తానికీ పలావు. చిలకలూరిపేట నుంచి వంటవాళ్లు, ఎర్రటి షామియానా, అంతా నర్సమ్మ ఖర్చే.

అందరూ తింటున్నారు. సందు చివర బుడాన్ నిలబడున్నాడు. కొట్టు పోయింది, ఆ పెట్టుకున్నామె కూడా వదిలేసింది, మనిషి చిక్కి సగమయ్యాడు. సిద్దికా చూసి తల తిప్పుకుంది. గుల్జార్ లేచి లోపలికెళ్లిపోయింది. నర్సమ్మ కర్ర పట్టుకుని మెల్లగా వాడి దగ్గరికి నడిచింది. మేమంతా చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని చూస్తున్నాం.

"ఏరా, ఆకలిగా ఉందా" అంది.

వాడు తలూపాడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, నా పక్కన కూర్చోబెట్టి, తనే వడ్డించింది. వాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "వదినా" అంటూ ఏడ్చేశాడు...

...అమ్మాయ్, మబ్బు పట్టినట్టుందే. లే, కల్లంలో మిరపకాయలున్నాయి, తడిస్తే పోతాయి, కప్పడానికి ఆ పట్టా అందుకో.