రైన్ ఒడ్డున సాక

జర్మనీలో వారం రోజులు తిరిగొచ్చిన భార్యాభర్తలు తాము కొలువు చేసే గల్ఫ్ ఊరు రూవిలోని ఫ్లాట్‌లో సూట్‌కేసులు విప్పుతున్నారు.

"రైన్ నది ఒడ్డున ఆ ద్రాక్షతోట ముసలామె వైన్ ఇస్తే, తాగకముందే నేల మీద ఒంపితివి. సిగ్గుతోని నా గ్లాసు ముట్టకుండనే లేచొచ్చిన," అంది భార్య.

"భూమికి సాక పోసిన. మా నాయిన కల్లు తాగే ముందు రోజూ పోసేటోడు. ఆయన పోయిననాడు ఈడ నాకు సెలవు దొరకలే."

"మూడేండ్లాయె. గంత దూరం పోయినంకనే యాదికొచ్చిండా?"

"కొండకు నిలువుగ ద్రాక్షతోట చూసినవ్ గదా. బుట్ట వీపుకు కట్టుకొని ఎక్కుతున్నోడు, తాటిచెట్టెక్కే నాయిన లెక్కనే కనబడ్డడు."

"ముసలామె తిట్టిందా?"

"ఎందుకని అడిగింది. చనిపోయినోళ్లకు మొదటి గుక్క అని చెప్పిన. ఆ తోట నాటిన తన మొగునికని ఆమె గ్లాసు గూడ ఒంపింది."

"మరి నా గ్లాసు?"

"అది గూడ ఆమెనే మా నాయినకు పోసింది, కోడలి తరఫున అని."