నీ ఓటు, నా చెయ్యి

ఆఁ, హలో… నేనే. లవ్‌డేని. నీ పెళ్ళాన్ని. ఇంకెవరు ఎత్తుతారనుకున్నావు, రాణిగారా?

… డెంజిల్, కాస్త గట్టిగా మాట్లాడు. వెనకాల ఏంటా గోల? … ఏ బారు? … ఫ్రాన్సులోనా? చేపల కోసమని కార్న్‌వాల్‌లో బయల్దేరి ఫ్రాన్సులో బార్లో తేలావా?

… ఇంజనా. … గేరుబాక్సు. … ఆ గేరుబాక్సు సంగతి ఈస్టరప్పుడే చెప్పాను. … సరే, చెప్పలేదనుకో. నీకు దెబ్బలేం తగల్లేదుగా? నీతో బోటెక్కిన పాస్కో ఎలా ఉన్నాడు? … ఊఁ. మీరిద్దరూ బాగుంటే చాలు, బోటు సంగతి తర్వాత.

మరి ఒడ్డుకెలా చేరారు? … ఎవరు లాక్కొచ్చారూ? … ఎర్వాన్. అంటే ఫ్రెంచివాడేగా. … బ్రెటన్ జాతివాడైతే ఏం, వాడి ఊరు ఫ్రాన్సులో లేదా?

ఆగాగు. మన బోటు కొయ్య మీద జెండా ఉందిగా. "యూనియన్ నుంచి బయటికి" అని, దుప్పటంత గుడ్డ మీద. అది దింపావా లేదా? … దింపలేదు. … అంటే దేశమంతా ఇవాళ యూరప్‌తో ఉండాలా పోవాలా అని ఓట్లేసుకుంటుంటే, నువ్వు ఆ జెండా ఎగరేసుకుంటూ ఫ్రెంచివాడి తాడు పట్టుకుని వాళ్ల రేవులోకి దిగావు. … లేదు, నవ్వట్లేదు. దగ్గొచ్చింది.

… ఓటా? అదిగో, అందుకన్నమాట ఫోను. గేరుబాక్సు గురించీ కాదు, నా గురించి అసలే కాదు.

… పదింటిదాకా వెయ్యొచ్చని నాకూ తెలుసు. నువ్వు సముద్రం మీద ఉంటావు కాబట్టి నీ తరఫున నేను వెయ్యాలి, కాగితాల మీద సంతకం పెట్టి వెళ్లావు. గుర్తుంది. ఆ పని మీ తమ్ముడు కిట్టోకి అప్పజెప్పు, వాడూ "బయటికి" బ్యాచ్చే కదా అన్నాను. కాదు, నీకే ఇస్తానన్నావు. పైగా జేబులోంచి పెన్ను తీసిచ్చావు, అక్కడుండే పెన్సిలుతో గీస్తే లండనువాళ్లు రబ్బరు పెట్టి చెరిపేస్తారని. … నువ్వే అన్నావు. రేవులో అందరూ విన్నారు.

… వేశానా లేదా అంటే… ముందు నేను చెప్పేది విను. మూడు నెలలు వంటింట్లో నువ్వే మాట్లాడావు. ఇవాళ నేను మాట్లాడతాను.

నేనిప్పుడు షెడ్డులో ఉన్నాను. మోచేతుల దాకా పీతల కంపు. నా ముందు నలభై పెట్టెల సాలీడు పీతలున్నాయి. వీటిని మన ఊళ్లో ఎవరు తింటారు? … నువ్వు తినవు. మీ అమ్మ ఆ కాళ్లు చూసి కళ్లు మూసుకునేది. కిట్టో అయితే అది పురుగంటాడు. తినేది స్పెయిన్‌వాడు. అయిదింటికి లారీ వస్తుంది, నీళ్లతొట్లలో వేసుకుని పోతుంది, ఎల్లుండికల్లా అక్కడ దింపుతుంది. పీత ఇంకా బతికే ఉంటుంది. ఎందుకంటే మధ్యలో ఎవడూ ఆపడు కాబట్టి. రేపు మనం బయటికి పోయాక ఓడ దగ్గర ఒకడు కాగితాలడిగి, ఇంకొకడు ముద్ర వేసేముందు టీ తాగొస్తానంటే? పీతకి క్యూలో నిలబడే ఓపికుంటుందా? … చచ్చిన పీతని ఎవడు ముట్టుకుంటాడు? షెడ్డులో తొమ్మిది మంది ఆడవాళ్లం ఉన్నాం. రేవు గోడ మీద కూర్చుని దేశభక్తి పాటలు పాడుకోమంటావా?

… వింటున్నావా? ఈపాటికి ఒంటికాలి మీద లేవాలే నువ్వు.

… ఏంటీ?

… మళ్లీ చెప్పు.

… డెంజిల్, తాగావా? … ఎన్ని? … సైడర్ అయితే తాగినట్టు కాదా. ఆపిల్ పళ్లతో చేసినంత మాత్రాన అది జ్యూసు అయిపోదు.

… నీ ఓటు "ఉండిపోదాం"కి వెయ్యమంటున్నావు. నువ్వు. పోయిన వారం టీవీలో ఉండిపోదామన్నాడని ఎవడి మీదికో చెప్పు విసిరినవాడివి. ఇంకా ఆ చెప్పు టీవీ వెనకే ఉంది.

… ఎర్వాన్ ఏం చేశాడు? … గ్లాసెత్తాడు. … బారంతా లేచి నిలబడి గ్లాసులెత్తింది. మీరు వెళ్లిపోవాలని కోరుకుంటూ. … జెండా చూసి ముచ్చటపడ్డారా. … ముద్దులు కూడానా? రెండు బుగ్గల మీదా? … పాస్కోకి కూడానా. పాపం, వాళ్లావిడే పెట్టి చాలాకాలమైనట్టుంది.

అయితే నాకర్థమైంది నేను చెప్తా. ఫ్రెంచివాడు సంతోషపడ్డాడంటే అందులో ఏదో మెలికుంది, కాబట్టి మనం ఉండిపోవాలి. అంతేనా? … మూడు నెలలు నేను గొంతు చించుకుంటే కదల్లేదు. వాళ్లెవరో గ్లాసెత్తితే పిల్లిమొగ్గ వేశావు. నీలాంటివాళ్ల చేతిలో ఓటు పెట్టినవాణ్ణి అనాలి.

… ఎర్వాన్ బావమరిదా? వాడిదీ పీతల వ్యాపారమా? … "మీ లారీలు ఆగిపోతే స్పెయిన్‌లో మా పీతలే" అన్నాడా. … అదీ. అదే మాట నేనంటే చెవికెక్కలేదు, పరాయివాడు సైడర్ పోసి చెప్తే ఎక్కింది.

… వద్దు. … వద్దంటున్నా, నువ్వలా తొందరపడకు. … అవును, నేనే అంటున్నా.

కోటా సంగతి మర్చిపోయావా? పోయిన చలికాలం వలనిండా కాడ్ చేప పడితే, కోటా దాటిపోయిందని చచ్చిన చేపని చచ్చినట్టే సముద్రంలోకి పారబోశావు. ఇంటికొచ్చి రెండ్రోజులు ముద్ద ముట్టలేదు. మన కిటికీలోంచి కనపడే నీళ్లలో ఎవరెంత పట్టుకోవాలో, మన రేవు మొహం ఎప్పుడూ చూడనివాళ్లు బ్రస్సెల్స్‌లో బల్ల చుట్టూ కూర్చుని చెప్తారేంటని గొడవ చేశావు. నీ మాటలే ఇవి. నాకు కంఠతా వచ్చేశాయి.

మరి మీ నాన్న బోటు "మోర్వెన్నా"… … లేదు, ఆ మాట ఎత్తాల్సిందే. బోట్లు ఎక్కువైపోయాయి, తగ్గించండి అని ఆ బ్రస్సెల్స్‌వాళ్లే అన్న ఏడాది. క్రేను తెచ్చి ఒడ్డు మీదే మీ అమ్మ పేరు పెట్టిన బోటుని నడుం విరగ్గొట్టారు. చుక్క నీరు కారని బోటు. ముందురోజు ఆయన దానికి రంగు వేస్తూ కూర్చున్నాడు. రేపు ముక్కలైపోయేదానికి ఎందుకు మావయ్యా రంగు అంటే, మాసిన బట్టలతో పంపలేనమ్మా అన్నాడు. … నేను పక్కనే ఉన్నాను డెంజిల్. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత మళ్లీ రేవులో అడుగుపెట్టలేదు. బోటు పేరున్న చెక్క ఒక్కటే మిగిలింది. మన కెటిల్ పైన గోడకి ఉంది. దాన్ని తుడిచేదాన్ని నేను, నాకు తెలీదా నీ బాధ?

… ఏడవకు. … సైడరేలే.

… ఏంటి? … నేనెందుకు నీ తరఫున మాట్లాడుతున్నానా? … ఏం లేదు. రెండు వైపులా చూడాలి కదా అని. … లేదు. … లేదన్నానా.

… సరే, చెప్తా. అరవకూడదు. పక్కన జనం ఉన్నారుగా నీకు.

వేసేశాను.

… పొద్దున ఏడింటికి, తలుపులు తియ్యగానే. చర్చి హాల్లో. కుక్కల్ని గుమ్మం దగ్గర కట్టేసి వెళ్లాను. బల్ల దగ్గర మిస్ ట్రెంబాత్ కూర్చుంది. బళ్లో నీ చెవి మెలిపెట్టేదే, ఆవిడే. రెండు కాగితాలిచ్చి, "ఒకటి నీది, ఒకటి డెంజిల్‌ది, కలిపెయ్యకు" అంది.

ముందు నీది వేశాను. … "బయటికి" గడిలోనే వేశానయ్యా. … నీ పెన్నుతోనే. … ఒట్టు.

… అక్కడెవరూ చూడరు డెంజిల్. పక్క గడిలో గీస్తే నీకు చచ్చేదాకా తెలీదు. షెడ్డులో అందరూ అదే చెప్పారు, పిచ్చిమొహమా, రెండూ ఒకే గడిలో పడెయ్ అని. చెయ్యి అటే పోయింది కూడా. అప్పుడు ఆ కెటిల్ పైన చెక్క గుర్తొచ్చింది. ఈ మనిషి తన మాట నా చేతిలో పెట్టి సముద్రం మీదికి పోయాడు, దీన్ని మార్చితే ఇంక ఆ చెక్కని ఏ మొహంతో తుడుస్తాను అనుకున్నాను. గట్టిగా నొక్కి గీశాను. తర్వాత నాది, పెన్సిలుతో, "ఉండిపోదాం" మీద. నీ ఓటు నాదాన్ని కొట్టేసింది, నాది నీదాన్ని కొట్టేసింది. ఇద్దరం ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నా ఇంతే.

… ఏంటా మాట? … ఏమనుకున్నావూ?

… ఆగు. నేను నిన్ను మోసం చేస్తాననా?

… అందుకనే కిట్టోకి ఇవ్వకుండా నాకిచ్చావా?

… ఊఁ. … ఊఁ. … అంటే ఆ జెండా, పబ్బులో కేకలు, అదంతా మీ నాన్న కోసం. ఓటు మాత్రం పీతల కోసం. అది నీ చేత్తో వెయ్యడానికి మనసొప్పక, నా చేత వేయిద్దామనుకున్నావు. "లవ్‌డే ఏనాడు నా మాట విందని" … పాస్కోతో పందెం కూడా కాశావా.

మరి పెన్నెందుకిచ్చావయ్యా? … అందరూ చూస్తున్నారనా.

… నిన్నటిదాకా ధీమాగానే ఉన్నావన్నమాట. ఇవాళ వాళ్లు గ్లాసులెత్తేసరికి, కొంపదీసి నిజంగానే నీ మాట వింటానేమోనని భయం పట్టుకుంది.

… వెనక్కివ్వరు. పెట్టెలో పడ్డాక రాణిగారు అడిగినా ఇవ్వరు. … చెరపడానికి పెన్సిలు కాదుగా.

… అదిగో, లారీ వచ్చింది. వినిపిస్తోందా హారను? … ఊరుకో డెంజిల్. ఒక్క ఓటేగా. ఒక్క ఓటుకి దేశం ఎటూ పోదు. … మన రేవులో అందరూ అలాగే అనుకుని వేశారేమో అంటే… ఏమో. నాకేం తెలుసు.

… నన్నంటావేంటి? పెళ్లికి ఎర్రకోటు వద్దంటే అదే వేసుకొచ్చాను. కుక్క వద్దంటే రెండు తెచ్చాను. షెడ్డులో పని వద్దంటే మర్నాడే చేరాను. అప్పుడు ఏమీ అనలేదు నువ్వు. ముప్పై రెండేళ్ల కాపురంలో ఒక్కటంటే ఒక్కసారి, నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను.

… ఉన్నావా?

… నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా? … హలో? … డెంజిల్… హలో—