పైపులు ఆరే గదిలో నిలబడి

1993వ సంవత్సరం జూన్ పద్నాలుగో తేదీ ఉదయం మన అగ్నిమాపక కేంద్రం కంట్రోల్ రూంలో టెలిఫోన్ ఆపరేటర్‌గా ఒక యువతి విధుల్లో చేరారు. హాజరు పట్టీలో ఇంకా సంతకమైనా పెట్టకముందే ఫోన్ మోగింది. హెడ్‌ఫోన్ తగిలించుకుని తొలి పిలుపు అందుకున్నారు. అవతల ఎవరో పెద్దమనిషి.

"ఏమండీ, మా వంటింట్లో మంటలండీ."

"నిమ్మళంగా చెప్పండి. మీరెక్కడున్నారు?"

"ఇంట్లోనేనండీ."

"ముందు బయటికి రండి బాబూ."

"వద్దామనే చూస్తున్నానండీ. చెప్పులు కనపడట్లేదు."

"చెప్పులు మావాళ్లు వెతికి పెడతారు. మీరు రండి."

బండి వెళ్లింది, మంట ఆరింది, చెప్పులు కూడా దొరికాయి. ఆ సాయంత్రానికల్లా స్టేషన్ మొత్తానికీ ఆమె 'నిమ్మళమ్మ' అయిపోయారు. నేడు పదవీ విరమణ చేస్తున్న మన సీనియర్ ఆపరేటర్ గారి అసలు పేరు, జీతాల పట్టీలో చూస్తే తప్ప మనలో సగం మందికి ఇప్పటికీ గుర్తురాదు.

ఆ తర్వాతి సంవత్సరాలలో ఆమె అధిరోహించిన మెట్లు, అందుకున్న ప్రశంసాపత్రాలు, తీర్చిదిద్దిన ఆపరేటర్లు ఎన్నో. వాటన్నిటికంటే పెద్దది, ఒక నియమానికి ఆమె పోసిన ప్రాణం. పిలిచినవారు ప్రమాదంలో ఒంటరిగా ఉంటే, మన సిబ్బంది గొంతు అదే ఫోన్లో వినపడేదాకా లైను వదలరాదు. అవతల మాట ఆగినా సరే, మధ్యమధ్య 'లైన్లోనే ఉన్నాను' అంటూ ఉండాలి. పుస్తకంలో ఎప్పటినుంచో ఉన్న నియమమే. ఆ మాట ఆమె నోట వింటే మాత్రం, పక్క సీట్లో కూర్చున్న మనకే ధైర్యం వచ్చేది.

ఇక్కడితో ఆగి, శుభాకాంక్షలు చెప్పి ముగించవచ్చు. ఆమె ఒప్పుకోలేదు. "నా జబ్బు సంగతి దాటేసి రాసేటట్టయితే ఈ వీడ్కోలు సంచికలో నా ఫొటో కూడా వెయ్యొద్దు. రేపు మనవాళ్లలో ఇంకొకరికి వస్తే ఎక్కడికెళ్లాలో తెలియొద్దూ?" అన్నారు. ఆమె అనుమతితో, ఆమె కోరినట్టే రాస్తున్నాం.

అది ఒక వేసవి మధ్యాహ్నం. కుట్టుమిషన్లు బాగుచేసే ఒక వృద్ధుడు ఫోన్ చేశారు. కింద దుకాణం అంటుకుంది, మెట్ల నిండా పొగ, పైగదిలో ఆయన ఒక్కరే. కిటికీకి ఇనుప ఊచలు. బండి బయల్దేరింది గానీ, సందు మొదట్లో అడ్డంగా ఆగివున్న లారీ దగ్గర చిక్కుకుంది. సిబ్బంది పైపులు భుజాన వేసుకుని పరుగెత్తారు. ఈలోగా ఆమె ఆయన చేత తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కించారు, నేలమీద పడుకోబెట్టారు, మాట్లాడిస్తూనే ఉన్నారు.

"అమ్మా, ఉన్నావా?"

"లైన్లోనే ఉన్నానండీ. మావాళ్లు సందులోకి వచ్చేశారు."

"నాకోసం ఎంతసేపని కూర్చుంటావు. నీ పనేదో చూసుకో తల్లీ."

"నా పని ఇదేనండీ."

ఆయన దగ్గారు. తర్వాత మాట లేదు. లైన్లోనే ఉన్నానని ఆమె అంటూనే ఉన్నారు. చివరికి తలుపు విరిగిన చప్పుడు, బూట్ల చప్పుడు. ఎవరో రిసీవర్ తీసుకున్నారు. ఆనాటి మన లీడింగ్ ఫైర్‌మన్, తర్వాతి కాలంలో మనందరికీ కసరత్తు నేర్పిన డ్రిల్లన్న.

"అక్కా," అన్నాడాయన. "ఇక పెట్టెయ్యి."

విచారణ జరిగింది. ఎవరి తప్పూ లేదని తేలింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం, ఆమె తప్ప. "తప్పుంటే దిద్దుకునేదాన్ని. లేనిదాన్ని ఏం చేసుకోను?" అని భర్తతో ఒక్కసారి అన్నారట. ఆపైన ఆ మాటా అనలేదు.

ఆమె ఏడ్చి ఉంటే మనకు తెలిసేది. ఏడవలేదు. డ్యూటీకి వచ్చేవారు, మూత తియ్యని టిఫిన్ డబ్బా తిరిగి ఇంటికి పట్టుకెళ్లేవారు. తర్వాత రావడం మానేశారు. ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగి కారిపోతుంటే ఎదురుగా నిలబడి చూసేవారని, కనపడక కాదు, ఆపాలనిపించకేనని, డ్రాయింగ్ మాస్టారైన వారి భర్త చెప్పారు. తల దువ్వుకోవడం, స్నానం, మంచం దిగడం, ఒక్కొక్కటే ఆమె చేతుల్లోంచి జారిపోయాయి. ఫోన్ మోగితే మాత్రం ఒళ్లంతా వణుకు. 'అదృష్టవంతురాలు, పూర్తి జీతంతో సెలవు' అన్న నాలుకలు కూడా మన మధ్యనే ఉన్నాయి.

మాస్టారు ఆమెను మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లారు. డాక్టర్ గారు డిప్రెషన్ అన్నారు, మందులు మొదలుపెట్టారు. నిద్ర కొంత కుదిరింది, వణుకు తగ్గింది, కానీ పొద్దున్న మంచం దిగడానికి ఒక కారణం మాత్రం దొరకలేదు. అటువంటి రోజుల్లో ఒక సాయంత్రం డ్రిల్లన్న వాళ్లింటికి వెళ్లాడు. ఆ మధ్యాహ్నాన్ని ఫోన్‌కు ఆ చివర మోసినవాడు ఆయన. నిద్ర పట్టక తానే యోగా నేర్చుకుని, స్టేషన్లో తడి పైపులు వేలాడదీసి ఆరబెట్టే గదిలో పొద్దున్నే నలుగురితో చేయిస్తున్నాడు.

"రేపు పొద్దున్న పైపుల గదికి రా అక్కా."

"నాకు చేతకాదు తమ్ముడూ."

"చేతకాకపోతే ఊరికే నిలబడు. అదీ కాదంటే కూర్చో. కూర్చోడం రాని మనిషి లేడు, మన గుమాస్తాని చూడు."

ఆమె నవ్వలేదు. "యోగా చేస్తే ఆయన బతికొస్తాడా?"

"రాడు. పొద్దున్నే లేస్తాం. అంతే."

మర్నాడు మాస్టారు స్కూటర్ మీద తీసుకొచ్చి దించారు. కప్పు నుంచి వేలాడే పొడవాటి కాన్వాస్ పైపులు, చుక్కచుక్కగా కారే నీళ్లు, తడిబట్ట వాసన. ఆమె చేతులు పైకెత్తారు, దించారు, వంగగలిగినంత వంగారు. అంతా అయ్యాక, అందరిలాగే శవాసనంలో పడుకున్నారు. గది నిశ్శబ్దమైంది. మరుక్షణం లేచి బయటికి పరుగెత్తారు.

ఎందుకని మనకెవరికీ అర్థం కాలేదు. డ్రిల్లన్నకు అయింది. అది ఫోన్లో అవతలివైపు నిశ్శబ్దం. ఆయన వెనకే వెళ్లి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, "రేపట్నుంచి పడుకోవద్దు, కళ్లు మూసుకోవద్దు. పాదాలు నేలకి ఆనించి నిలబడు. ఊపిరి నెమ్మదిగా వదులు. మేమూ నిలబడే ముగిస్తాం" అన్నాడు. మన స్టేషన్లో యోగా శవాసనంతో కాక నిలబడి ఎందుకు ముగుస్తుందని కొత్తగా చేరినవారు అడుగుతుంటారు. ఇదీ కారణం.

రోజూ రావడమే ఆమె చేసిన సాధన. మొదట ఒళ్లు కదిలింది. కొన్నాళ్లకు ఆకలి తెలిసింది. ఒకరోజు తల దువ్వుకుని వచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు, అనకూడదని డ్రిల్లన్న ముందే కళ్లతో హెచ్చరించాడు. బాగున్నానన్న ధైర్యంతో, ఎవరికీ చెప్పకుండా మందులు ఆపేశారు. మరుసటి ఏడు వానాకాలం వచ్చేసరికి మళ్లీ మంచం పట్టారు.

"ఆసనాలు మానమని నేను చెప్పానా?" అని డాక్టర్ గారు అడిగారు. "లేదండీ." "మరి మందులు మానమని ఆయన చెప్పాడా?"

డ్రిల్లన్న ఇంకాస్త గట్టిగానే చివాట్లు పెట్టాడు. "నేను మంటలార్పేవాణ్ణి, డాక్టర్ని కాను. ఒక పైపుతో ఆరని మంటకి రెండో పైపు వేస్తామా, మొదటిది తీసేస్తామా?"

రెండూ సాగాయి. ఆమె మళ్లీ లేచారు. యోగా తన జబ్బును నయం చేసిందని ఆమె ఎన్నడూ అనరు. మందు పని చెయ్యడానికి, మనిషి మిగలడానికి అది చోటిచ్చిందంటారు. మందులు తగ్గించింది డాక్టర్ గారే, తగ్గించవలసినప్పుడే.

తిరిగి విధుల్లో చేరి, ముందు వైర్‌లెస్ సెట్ల దగ్గర, ఆపైన శిక్షణలో, చివరికి లైను మీద కూర్చున్నారు. అదే గొంతు, అదే నిమ్మళం. ఒక్క మాట మాత్రం తిరిగి రాలేదు. 'లైన్లోనే ఉన్నాను' అనవలసిన చోట, 'చెప్పండి, వింటున్నాను' అనేవారు. నియమం ప్రకారం సరిదిద్దాలి. ఏ షిఫ్టు ఇన్‌చార్జీ సరిదిద్దలేదు.

గత సంవత్సరం డ్రిల్లన్న ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఎన్ని ఇళ్ల పొగ మింగాడో మనకు తెలుసు. పైపుల గదిలో సాధన ముగించి, ఆమె రోజూ ఆస్పత్రికి వెళ్లి, చేతులెత్తలేని ఆ మనిషి పక్కన కూర్చుని, ఆయనతో పాటు నెమ్మదిగా ఊపిరి వదిలేవారు. "గురువుగారు శిష్యురాలి క్లాసులో ఫెయిలయ్యారక్కా" అని ఆయన నవ్వబోతే దగ్గు వచ్చేది.

ఒకనాటి ఉదయం, ఆమె డ్యూటీ దిగి వరండాలోకి రాగానే సెల్‌ఫోన్ మోగింది. డ్రిల్లన్న భార్య. "మాట పడిపోయింది వదినా. చెవి దగ్గర పెడుతున్నాను, ఏదన్నా చెప్పండి."

ఆమె గోడకు ఆనుకోలేదు. రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడ్డారు. కంట్రోల్ రూం తలుపు దగ్గర మేమందరం విన్నాం.

"లైన్లోనే ఉన్నాను తమ్ముడూ."

మళ్లీ అన్నారు. అంటూనే ఉన్నారు. చాలాసేపటికి అవతల ఆడగొంతు వినిపించింది.

"వదినా, ఇక పెట్టెయ్యండి."

ఆమె పడిపోతారని మేం భయపడ్డాం. ఆ రోజు ఏడ్చారు, మొదటిసారి, అందరి ముందూ. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూస్తే పైపుల గది తలుపు తీసి ఉంది. ఉబ్బిన కళ్లతో, కళ్లు తెరుచుకునే, ఆమె నిలబడి ఉన్నారు. అప్పటినుంచీ ఆ సాధన నడిపిస్తున్నది ఆమే.

ఇప్పుడు మన భయం వేరు. ఉద్యోగం ఆగిన తొలి నెలల్లో జాగ్రత్త అని డాక్టర్ గారు హెచ్చరించారు. స్టేషన్‌కు రావలసిన పని లేని పొద్దుల్లో ఆమెను మంచం దింపేదేమిటి? మొన్న అడిగేశాం.

"రిటైరయ్యాక పొద్దున్నే ఏం చేస్తారక్కా?"

"లేస్తాను."

"తర్వాత?"

"ముందు లేవనివ్వవోయ్. అదే పెద్ద పని."

అందువల్ల, జ్ఞాపికతో పాటు, పైపుల గది తాళంచెవిని కూడా ఆమె వద్దే ఉంచాలని స్టేషన్ ఆఫీసర్ గారు నిర్ణయించారు.

మాననీయ సీనియర్ ఆపరేటర్ గారూ, ఎందరి ఆఖరి భయాన్నో మీ చెవిలో దాచుకుని, ఎందరి ప్రాణాలనో మీ గొంతుతో నిలబెట్టిన మీకు, మాస్టారి సాహచర్యంలో సంపూర్ణ ఆరోగ్యం, మనశ్శాంతి, నిండు నూరేళ్ల ఆయుష్షు లభించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం. ఆకాంక్ష మాది, పొద్దున్నే లేచే పని మీది. ఏ ఉదయమైనా పైపుల గది తలుపు తెరుచుకోకపోతే మీ ఇంటికి ఫోన్ చేస్తాం. మీరు ఎత్తేదాకా లైన్లోనే ఉంటాం.